జార్ గొంతు దాకా నింపకు

మహారాణిపేట,
విశాఖపట్నం.

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు ఈ శనివారం మెల్‌బోర్న్‌లో నీ గదిలోనే బీరు కాస్తావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. "దానికి నీ పోలికే వచ్చింది, నువ్వే చెప్పుకో" అంది. ముప్పై ఏళ్ళు బీరు ఫ్యాక్టరీలో పులియబెట్టే సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి. నా విద్య మన ఇంట్లో ఒక్కరికైనా అబ్బుతోందంటే పొంగిపోయాను. ఇక్కడైతే లైసెన్సు లేకుండా కాయకూడదు, అక్కడ ఇంటి వాడకానికి కాచుకోవచ్చు, ఆ భయం లేదు. కానీ ఇరవై మూడు లీటర్ల గాజు జార్ కొన్నావట, నిండా చేస్తావట, మంచం పక్కనే పెట్టుకుంటావట. రాత్రి నిద్ర పట్టలేదు తల్లీ.

సామాన్లు శుభ్రంగా కడిగి శానిటైజ్ చెయ్యడం, కాచిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసం చల్లారాకే ఈస్ట్ వెయ్యడం నీకు తెలిసినవే. నా టెన్షన్ అంతా నురగ గురించి. ఈస్ట్ వేసిన మర్నాటికల్లా పొంగు మొదలై రెండు మూడు రోజులు ఆగదు. కిలో చక్కెర పూర్తిగా పులిస్తే అందులో సగం బరువు కార్బన్ డయాక్సైడ్ గ్యాసే అవుతుంది, అంటే రెండు వందల యాభై లీటర్ల పైమాటే. అదంతా ఆ చిన్న మూతిలోంచే పోవాలి. మాల్ట్‌లోని ప్రోటీన్ వల్ల నురగ గట్టిగా నిలబడుతుంది. పాలు పొంగితే మంట తగ్గిస్తాం, దీనికి తగ్గించే మంట లేదు. గోధుమ బీరైతే ఇంకా ఎక్కువ.

1984 మే నెల. నాకు ఇరవై రెండు, మీ అమ్మకి ఎనిమిది. పూర్ణా మార్కెట్ నుంచి అల్లం, నిమ్మకాయలు తెచ్చి, బేకరీలో ఈస్ట్ అడిగి తీసుకుని అల్లం బీరు వేశాను. ఖాళీ ఎందుకని గాజు జార్‌ని గొంతు దాకా నింపేశాను. రబ్బరు బిరడాకి పెన్సిల్ అంత గొట్టం దూర్చి, రెండో కొస నీళ్ళ గ్లాసులో ముంచాను. బుడగలొస్తుంటే మీ అమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టింది. సాయంత్రం బిరడా టప్పున లేచింది. ఆ జార్ నాకు చెప్పాల్సింది చెప్పింది, నేనే వినలేదు. బిరడాని మళ్ళీ నొక్కి, రాగి తీగతో మెడకి బిగించి కట్టాను.

ఆ రాత్రి కరెంటు లేదు, సముద్రం గాలి కూడా ఆగిపోయింది. బుడగల చప్పుడు వింటూ పడుకుంటానని మీ అమ్మ చాప తెచ్చుకుంది. సరేనన్నాను. తెల్లవారుజామున మెలకువ వచ్చింది. చప్పుడు లేదు. పులియడం అయిపోయిందనుకుని అటు తిరిగి పడుకున్నాను. నిజానికి అల్లం పీచు వెళ్ళి గొట్టంలో అడ్డుపడింది. కాసేపటికి జార్ పగిలింది. లాంతరు వెలిగించి చూస్తే నేలంతా నురగ, గాజు పెంకులు, మధ్యలో చాప మీద మీ అమ్మ. ఏడవడం లేదు. ఎడమ కన్ను మూసుకుని నా వైపే చూస్తోంది. భుజాన వేసుకుని కేజీహెచ్‌కి పరిగెత్తాను. నాలుగు కుట్లు పడ్డాయి, కన్ను దక్కింది.

అమ్మ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని ఆ గీత ఉయ్యాల మీంచి పడితే వచ్చిందని నీకు చెప్పింది కదా. నా కోసం చెప్పిన మాట అది. నలభై ఏళ్ళుగా అదే చెబుతోంది.

అందుకే, ఆ గాజు జార్ పక్కన పెట్టెయ్. ముప్పై లీటర్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్ కొను, డబ్బులు నేను పంపిస్తాను. అందులో ఇరవై లీటర్లకి మించి పొయ్యకు. మొదటి మూడు నాలుగు రోజులు సన్నటి ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని చిన్న గొట్టం) వద్దు, చేదు కోసం వేసే హాప్స్ పూల తుక్కు చేరితే అదీ మూసుకుపోతుంది. వేలు దూరేంత లావు పైపు పెట్టి, రెండో కొసని కింద శానిటైజర్ నీళ్ళున్న గిన్నెలో ముంచు. ఆ గిన్నె బకెట్ కన్నా కిందే ఉండాలి, లేకపోతే బీరు చల్లబడినప్పుడు ఆ నీళ్ళు వెనక్కి లాగేసుకుంటుంది. నురగ దిగాక ఎయిర్‌లాక్ పెట్టుకో.

అక్కడ చలి కదా అని హీటర్ పక్కన పెట్టకు. పులిసేటప్పుడు దానంతటదే వేడెక్కుతుంది. మామూలు ఏల్ రకం బీరు ఈస్ట్ అయితే లోపల 18 నుంచి 20 డిగ్రీలు చాలు. వేడెక్కిన కొద్దీ పొంగు పెరుగుతుంది.

మూత ఉబ్బితే ఏం చేస్తావు? మొహం దాని మీదికి వంచకు. దూరంగా నిలబడి, తడి తువ్వాలు కప్పి, మెల్లగా ఒక పక్క వదులు చెయ్యి. కట్టడం, పైన బరువు పెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. బుడగలు ఆగాయని సీసాల్లో పోసెయ్యకు. రసం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మూడు రోజులు ఒకే అంకె చూపించాలి, అప్పుడే పులియడం అయిపోయినట్టు.

ఆ గదిలో పడుకోకు బుజ్జీ. ఆ గ్యాస్ గాలి కన్నా బరువు, కిటికీలు మూసిన చిన్న గదిలో ప్రమాదం. బకెట్‌ని బాత్రూమ్‌లో టబ్‌లో పెట్టి, కిటికీ తీసి ఉంచు. ఇరవై కిలోల బకెట్ నిండాక జరపలేవు, ముందే అక్కడ పెట్టుకుని అందులో రసం పొయ్యి.

పొయ్యగానే ఫోటో పంపు. పైపు రెండు కొసలూ కనబడాలి. ఇక్కడ అర్ధరాత్రయినా సరే, మెలకువగానే ఉంటాను.

మీ మావయ్య