నంబరు కలిసింది గదా అని తొందరపడకు

బిడ్డా,

మీ నాయిన నిన్న ఫోన్ల చెప్పిండు. నువ్వు కిరాయికుంటున్న ఇంటి ముసలామెకు, బ్రిటిష్ సిపాయైన వాళ్ల తాత మొదటి ప్రపంచ యుద్ధంల ఎక్కడెక్కడ తిరిగిండో వెతికి రాసిస్తనని మాటిచ్చినవట. ఫొటో వెనకాల ‘త్రిముల్‌ఘెర్రీ, 1914’ అని ఉన్నదన్నడు. మన సికింద్రాబాదు తిరుమలగిరి! మస్తు సంబురమైంది. మల్ల రాత్రంత నిద్ర పట్టలే.

సులువైనవి ముందుగాల చెప్త. పతకాలుంటే వాటి అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, పటాలం చెక్కి ఉంటయి. నక్షత్రం లెక్క ఉన్నదానికైతే వెనక దిక్కు. ఎవరికి ఏ పతకం వచ్చిందో రాసిన కార్డులు ఆన్‌లైన్ల దొరుకుతయి. అసలు కాయితాలు చూడాల్నంటే లండన్ల క్యూ (Kew) అనే పేటల, పాత సర్కారు కాయితాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్ ఉన్నది. స్వెటర్ వేసుకొని పో, ఏమన్న తిని పో.

సర్వీసు కాయితాలు దొరకకుంటే దిగులుపడకు. 1940 సెప్టెంబరుల జర్మన్ బాంబులకు లండన్ గోదాం తగలబడి, మామూలు సిపాయిల కాయితాలు సగానికి మించి బూడిదైనయి. ఏ రోజు ఏమైందో పటాలం రాసుకున్న యుద్ధ డైరీ చదువుగని అందుల ఆయన పేరు కోసం ఆశపడకు. ఆఫీసర్లకైతే పేర్లుంటయి. సిపాయిలకు లెక్కనే: ఇంతమంది చచ్చిన్రు, ఇంతమందికి దెబ్బలు తాకినయి.

ఇగ నాకు నిద్రపట్టని ముచ్చట.

1993ల ఇంగ్లండు నుంచి ఒకామె నాకు ఉత్తరం రాసింది. కంటోన్మెంటు సమాధుల మీది పేర్లు రాసుకుంట తిరిగే పిచ్చోడు ఒకడున్నడని ఎవరో చెప్పిన్రట. వాళ్ల నాయిన ఇక్కడ సిపాయిగ ఉండి యుద్ధానికి పోయిండు, ఇంట్ల ఎన్నడూ నోరు విప్పలేదు, ఏమైందో తెలుసుకోవాల్నని ఉన్నది అన్నది. పేరూ నంబరూ పంపింది. లండన్ల ఉన్న దోస్తుతోని కార్డు నకలు తెప్పించిన. ఇంటిపేరు కలిసింది, మొదటి అక్షరం కలిసింది, నంబరుల నాలుగంకెలూ కలిసినయి. కార్డు మీద, పటాలం విడిచి పారిపోయినందుకు పతకాలు రద్దు అని ఉన్నది. అదే రాసి పంపిన. అంతటితోని ఊకుంటినా? భయం మనిషన్నోనికి సహజమే, మీ నాయినను తప్పు పట్టకున్రి అని నాలుగు ముక్కలు ఓదార్పు కూడ రాసిన. నేనెవణ్ని ఆయనను క్షమించెతందుకు?

కొన్ని నెలలకు వేరేదేదో వెతుకుతుంటే ఆ నకలు మల్ల చేతికొచ్చింది. పటాలం పేరు పొట్టిగ రాసి ఉన్నది. నేను చూడనే లేదు. అది వేరే పటాలం. 1920 దాంక ఒక్కో పటాలం తన నంబర్లు తనే ఇచ్చుకునేది, ఒకే నంబరు పది పటాలాలల్ల పదిమందికి ఉండొచ్చు. పారిపోయినోడు ఇంకెవరో.

తెలిసినంక వెంటనే రాసిన్నా అంటే, లేదు. రేపు రాస్త, ఎల్లుండి రాస్త అని ఏడు నెలలు గుంజిన. ఆఖరుకు రాస్తే మర్యాదగ జవాబిచ్చింది. ‘నాన్న ఫొటో మళ్లీ గోడకు పెట్టాను’ అన్నది. దించిందని నాకు అప్పుడే తెలిసింది. మల్ల ఆమె నుంచి ఉత్తరం రాలే.

అందుకే చెప్తున్న, పేరు, నంబరు, పటాలం మూడూ కలిస్తేనే నోరు తెరువు. ముసలామెకు ముందే ఆశ పెట్టకు, నీది తొందర బుద్ధి. చిన్నప్పుడు పరీక్షల ప్రశ్న సగమే చదివి జవాబు రాసేదానివి.

ఫొటోల కాలరు మీద కోట గుర్తున్నదా చూడు. 1914 ఆగస్టుల యుద్ధం మొదలైనప్పుడు ఇక్కడున్న పటాలాలల్ల రాయల్ ఇన్నిస్కిల్లింగ్ ఫ్యూజిలియర్స్ 1వ బెటాలియన్ ఒకటి, వాళ్లది కోట గుర్తే. అయితే కోట గుర్తు వేరే పటాలాలకూ ఉన్నది, పైలం. ఆయన వాళ్లల్ల ఒకడే అయితే తొవ్వ దొరికినట్టే. 1915 జనవరిల ఇంగ్లండు చేరి 29వ డివిజన్ల కలిసిన్రు. ఏప్రిల్ 25న టర్కీల గలిపొలి ఒడ్డున ఎక్స్ బీచ్ కాడ దిగిన్రు. పక్కన డబ్ల్యూ బీచ్‌ల జరిగిన రక్తపాతాన్ని ఈయనకు అంటగట్టకు, ఎక్స్ కాడ దిగేటప్పుడు అంత నష్టం కాలే. అసలు కష్టాలు మల్ల ఒడ్డు మీద వచ్చినయి. 1916 జనవరిల ఈజిప్టు, మార్చిల ఫ్రాన్సు, జులై 1న సోమ్ యుద్ధంల బోమాంట్ హామెల్ ఊరు. అన్నిట్ల ఆయన ఉన్నడని మాత్రం రాయకు. దెబ్బ తాకి దవాఖానల పడి ఉండొచ్చు.

వీరుడనీ రాయకు, దొర అనీ రాయకు. ఏడేండ్లు కొలువు, ఐదేండ్లు రిజర్వు అని సంతకం పెట్టి, రోజుకు ఒక షిల్లింగుకు సముద్రాలు దాటినోడు. మా తాత అదే తిరుమలగిరి బారకాసుల తాడుతోని పంకా గుంజేటోడు. వాళ్ల పేర్లు ఆయనకు తెల్వవు, ఆయన పేరు వాళ్లకు తెల్వదు. ఒకనాడు పొద్దున పోయేసరికి మంచాలన్నీ ఖాళీ అట. ఆ నెల జీతం ఎవలిస్తరో తెల్వక గుమ్మం కాడ పగటీలి దాంక కూసున్ననని చెప్పేటోడు.

ఆ ఫొటో వెనక వరండాల ఎవరన్న తాడు పట్టుకొని కూసున్నరా, భూతద్దం పెట్టి చూసి చెప్పు బిడ్డా.

మీ పెద్దనాయిన