రంగా గారి అరవై ఏళ్లు, మన మార్టేరు వడ్లు

పోయిన సంచికలో ఒక పాఠకుడు "ఎక్కువ కాలం పార్లమెంటులో ఉన్న తెలుగువాడు ఎవరు?" అని అడిగితే, ఎన్.జి.రంగా అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాను. అంత పెద్ద జీవితాన్ని ఒక్క వాక్యంలో దాటించడం సరికాదని మీ ఉత్తరాలు చూశాక అర్థమైంది. అందుకే ఈసారి శీర్షిక అంతా ఆయనకూ, ఆయన చుట్టూ మీరు అడిగిన ఎన్నికల ప్రశ్నలకూ వదిలేస్తున్నాను.

ప్రశ్న: మా తాతయ్య రోజుల నుంచి మేం స్వర్ణ వేస్తున్నాం. ఆ విత్తనం పుట్టిన మార్టేరు స్టేషన్ బోర్డు మీద ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం అని చదవడమే తప్ప, ఆ రంగా ఎవరో నాకు తెలీదు. ఆయన అరవై ఏళ్లు ఎంపీ అని తాతయ్య అంటున్నాడు. అయిదేళ్లకో ఎన్నిక చొప్పున పన్నెండుసార్లు గెలవాలి కదా! ఇంట్లో దీని మీద పెద్ద గొడవ. (పెనుమంట్ర నుంచి డిగ్రీ విద్యార్థి)

మీ తాతయ్య మాట నిజమే తమ్ముడూ, మీ లెక్కలోనే చిన్న తేడా ఉంది. అరవై ఏళ్లంటే తెంపు లేకుండా అరవై కాదు, అన్నీ ప్రజల ఓట్లతో వచ్చినవీ కాదు. ఆయన అసలు పేరు గోగినేని రంగనాయకులు, గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900 నవంబరు 7న పుట్టిన రైతుబిడ్డ. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి వచ్చి మద్రాసు పచ్చయప్ప కాలేజీలో పాఠాలు చెప్పారు, ఆ 'ఆచార్య' అక్కడి నుంచి వచ్చిందే. ముప్పై ఏళ్ల వయసులో, 1930లో, ఢిల్లీలో తెల్లవాళ్ల కాలపు కేంద్ర శాసనసభలో మొదటిసారి కూర్చున్నారు. అప్పుడు ఓటు అందరికీ లేదు, శిస్తో పన్నో కట్టేవాళ్లకే. తర్వాత రాజ్యాంగ సభ, 1952 నుంచి రాజ్యసభ, 1957లో తెనాలి నుంచి లోక్‌సభ.

ఇక్కడి నుంచే అసలు కథ. 1962లో అదే తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్య చేతిలో ఓడిపోయారు. అదే సంవత్సరం చిత్తూరులో గెలిచిన అనంతశయనం అయ్యంగార్ బీహారు గవర్నరుగా వెళ్లడంతో ఉపఎన్నిక వచ్చింది, రంగా గారు అక్కడ నిలబడి గెలిచి మళ్లీ లోపలికి వెళ్లారు. 1967లో శ్రీకాకుళం. అక్కడ గౌతు లచ్చన్న గెలిచి, తన గురువు కోసం ఆ సీటు వదులుకున్నారు. గెలిచిన ఎంపీ సీటును ఇంకొకరి కోసం వదులుకోవడం ఈ రోజుల్లో ఊహించగలమా? 1971లో ఇందిరా గాంధీ గాలి వీచింది, రంగా గారు ఆ లోక్‌సభలో లేరు. 1977లో రాజ్యసభ ద్వారా తిరిగి పార్లమెంటులోకి వచ్చారు. 1980, 1984, 1989 మూడుసార్లూ గుంటూరు నుంచి కాంగ్రెస్ టికెట్ మీద నెగ్గారు. 1984 అంటే రాష్ట్రంలో 42 సీట్లలో 30 తెలుగుదేశం ఊడ్చేసిన ఏడాది, అందులో కాంగ్రెస్ తరఫున నిలిచిన ఆరుగురిలో ఈ ఎనభై నాలుగేళ్ల పెద్దాయన ఒకరు. చివరి గెలుపునాటికి ఆయనకు ఎనభై తొమ్మిది. 1991లో ఆ సభ రద్దయింది, ఆ ఏడే పద్మవిభూషణ్ వచ్చింది, 1995 జూన్ 9న కన్నుమూశారు. గిన్నిస్ బుక్కువాళ్లు ఎక్కించింది ఈ 1930 నుంచి 1991 వరకూ ఉన్న కాలాన్నే.

ఇక స్వర్ణ సంగతి. మార్టేరు పరిశోధనా కేంద్రం 1925 నాటిది, స్వర్ణ, అదే ఎంటీయూ 7029, అక్కడ 1982లో విడుదలైంది. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి రంగా గారి పేరు పెట్టింది ఆయన పోయాక, 1996లో. అంటే ఆ వడ్లు ఆయన పేరు కంటే ముందే మీ చేలో ఉన్నాయి.

ప్రశ్న: అంత సీనియర్ కాంగ్రెసులోనే ఉండి ఉంటే కేంద్రమంత్రి అయ్యేవారు కదా, ఎందుకు బయటికి వచ్చారు? మా నాన్న "భూమి కోసం వచ్చాడు" అంటారు గానీ ఆపైన చెప్పలేరు. (ఆచంట దగ్గర ఊరి నుంచి ఒక రైతు)

మీ నాన్నగారు చెప్పింది సరైనదే. 1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది. చిన్నచిన్న కమతాలన్నీ కలిపి ఉమ్మడి సహకార సేద్యం చేయాలి, హక్కు పేరుకు రైతుదే, సాగు మాత్రం అందరిదీ అన్నది దాని సారం. నెహ్రూ గారికి అది చాలా ఇష్టమైన ఆలోచన. రంగా గారు ఒప్పుకోలేదు. గట్టు చెరిపేస్తే రైతు తన పొలంలోనే కూలివాడు అవుతాడని ఆయన భయం. పార్టీ వదిలేసి, ఆ ఏడాదే రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు, దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. ఆ పార్టీకి 1962లో లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44 సీట్లతో అన్నిటికంటే పెద్ద ప్రతిపక్షం అయింది, 1971లో 8కి పడిపోయింది. ఆ తర్వాత ఆయన తిరిగి కాంగ్రెసుకే వెళ్లారు.

అంత కాలం ఉండి ఆయన ఒక్కసారి కూడా మంత్రి కాలేదు. నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. తెనాలిలో గెలిచి రెండేళ్లు కాకుండానే, దేశమంతా నెహ్రూ మాట చెల్లుతున్న రోజుల్లో, ఒక తీర్మానం నచ్చలేదని లేచి వచ్చారంటే తర్వాత ఏం పోతుందో ఆయనకు తెలియక కాదు కదా. తెనాలి పోయింది కూడా. ఇప్పుడు పార్టీ మారేవాళ్లను రోజూ చూస్తున్నాం, వాళ్లలో పదవి వైపు నడిచేవాళ్లే తప్ప పదవికి దూరంగా నడిచేవాళ్లు నాకైతే కనిపించడం లేదు. సభలో కూడా ఊరికే లేరు. 1964 నాటి పదిహేడో రాజ్యాంగ సవరణతో మన రైత్వారీ భూములను, అంటే మధ్యలో జమీందారు లేకుండా రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే భూములను కూడా 'ఎస్టేటు' అనే మాట కిందికి తెచ్చారు. జమీందారీ ఎస్టేటుకీ, అయిదెకరాల రైత్వారీ పట్టాకీ ఒకే పేరు ఏమిటని స్వతంత్ర పార్టీ గట్టిగా పోరాడింది. సవరణ ఆగలేదు. కానీ భూ గరిష్ఠ పరిమితి లోపల సొంతంగా సాగు చేసుకునే భూమిని మార్కెట్ ధరకు తక్కువ కాకుండా పరిహారం ఇవ్వకుండా తీసుకోకూడదన్న మాట ఆ సవరణలోనే ఉంది.

ప్రశ్న: మీరు ఆయన్ను రైతు నాయకుడు అని రాశారు. నాకు సెంటు భూమి లేదు, పదహారేళ్లుగా కౌలుకే చేస్తున్నాను. పంట పోయినా బస్తాలు కొలవాల్సిందే, నష్టపరిహారం వస్తే పట్టాదారు ఖాతాలో పడుతుంది. మీ రంగా గారి లెక్కలో నేను రైతునేనా? (పాలకొల్లు మండలం నుంచి)

అన్నా, ఈ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. మీకు డొంకతిరుగుడు జవాబు ఇవ్వలేను.

ఆయన తొలి రోజులు చూస్తే మీరు తప్పకుండా ఆ లెక్కలో ఉన్నారు. 1930ల్లో వెంకటగిరి జమీందారీ రైతుల కోసం ఉద్యమం నడిపారు, నిడుబ్రోలులో రైతు పిల్లల కోసం, కార్యకర్తల కోసం విద్యాలయం పెట్టారు, 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని ప్రధాన కార్యదర్శి ఆయనే. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో మైనారిటీల గురించి చర్చ జరుగుతుంటే లేచి, ఈ దేశంలో నిజమైన మైనారిటీలు సామాన్య జనమే అన్నారు. పల్లెల్లో వడ్డీ వ్యాపారి చేతిలో, జమీందారు చేతిలో నలిగిపోతున్నవాళ్లకు కాగితం మీద హక్కు రాసిస్తే చాలదు, ఆసరా కావాలి, పైకెక్కడానికి నిచ్చెన కావాలి అన్నది ఆయన వాదన.

కానీ 1959 తర్వాత ఆయన కొట్లాడింది ఎక్కువగా పట్టా ఉన్న రైతు కోసం. గట్టు చెరపొద్దు అన్నప్పుడు ఆ గట్టు లోపల ఎవరి భూమి ఉందో వాళ్ల తరఫున మాట్లాడినట్టే. గట్టు మీద నిలబడి దున్నేవాడి మాట అందులో చాలలేదు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు. మన డెల్టాలో ఆ మాట వేరేవాళ్లు అందుకున్నారు. 1957లో, రంగా గారు తెనాలిలో కాంగ్రెస్ తరఫున గెలిచిన అదే ఎన్నికల్లో, మన నరసాపురం లోక్‌సభకు కమ్యూనిస్టు ఉద్దరాజు రామం గారిని పంపింది.

చట్టాలు అంటారా, 1956 నాటి కౌలుదారీ చట్టం ఉంది, 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో సాగు హక్కు పత్రాల చట్టం వచ్చింది. 2019 చట్టంలో భూ యజమాని ఒప్పందం మీద సంతకం పెడితేనే కౌలు రైతుకు అప్పుకు పనికొచ్చే కార్డు. ఎందుకు పెట్టరో మీకు నేను చెప్పక్కర్లేదు: ఒకసారి కాగితం మీద పేరు ఎక్కితే భూమి పోతుందేమోనని వాళ్ల భయం. వాళ్ల భయానికి మీ అప్పు బలి. 2011 సార్వాలో కోనసీమ రైతులు నాట్లు వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు దేశమంతా ఇటు చూసింది, ప్రభుత్వం కమిటీ కూడా వేసింది. ఆ తర్వాత కూడా మీరు ఇలాంటి ఉత్తరం రాయాల్సి వచ్చిందంటే, రంగా గారు అడిగిన నిచ్చెన మీ గట్టు దగ్గరకు ఇంకా రాలేదు. కౌలు కార్డుకు యజమాని సంతకం అవసరం లేని పద్ధతి రావాలి. మనం ఓటేసిన ఎంపీ, ఎమ్మెల్యే మీ ఊరు వచ్చినప్పుడు మొదట అడగాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: తెనాలి మనిషి చిత్తూరులో, శ్రీకాకుళంలో ఎలా నిలబడతారు? మా వార్డు మెంబరు పక్క ఊళ్లో పోటీ చేయకూడదు అంటున్నారు కదా. (భీమవరం)

పంచాయతీకి ఆ ఊరి ఓటరు జాబితాలో పేరుండాలి. లోక్‌సభ జనరల్ సీటుకు దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు. ఒకేసారి ఎన్ని సీట్లలోనైనా నిలబడే వీలు ఒకప్పుడు ఉండేది, 1996 నుంచి రెండే. రాజ్యసభకు ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధనను 2003లో తీసేశారు.

ప్రశ్న: ఒకే నియోజకవర్గంలో ఎక్కువసార్లు గెలిచిన మనవాళ్లు లేరా? దేశం మొత్తం మీద రికార్డు ఎవరిది? (తణుకు)

ఉన్నారు. శ్రీకాకుళం నుంచి బొడ్డేపల్లి రాజగోపాలరావు గారు ఆరుసార్లు గెలిచారు, మొదటిసారి 1952లో ఇండిపెండెంటుగా. మన నరసాపురంలో భూపతిరాజు విజయకుమార్ రాజు గారు 1984, 1989, 1991 వరసగా మూడుసార్లు. దేశంలో లోక్‌సభకు ఎక్కువసార్లు గెలిచింది ఇంద్రజిత్ గుప్తా, పదకొండుసార్లు. మధ్యలో 1977లో ఒక్కసారే ఓడిపోయారు.

ప్రశ్న: మీరు ఎప్పుడూ గుంటూరువాళ్ల గురించే రాస్తారు. లోక్‌సభ స్పీకరుగా ఉండగా పోయిన మా బాలయోగి గారు బతికి ఉంటే ఆ రికార్డులన్నీ దాటేవారు. (అమలాపురం నుంచి ఒక అక్కయ్య)

ఎన్నిసార్లు గెలిచేవారో చెప్పలేం గానీ మీ బాధ నాకు తెలుసు అక్కా, ఆ 2002 మార్చి 3న గోదావరికి రెండు వైపులా ఊళ్లు ఎలా మూగబోయాయో మా తరంవాళ్లం మరిచిపోలేదు. భీమవరం నుంచి బయలుదేరిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చెరువులో కూలిపోయింది. ఆయన వయసు యాభై.

ఎదుర్లంక లంకలో పుట్టి, వాల్తేరులో చదివి, కాకినాడలో లాయరుగా మొదలుపెట్టి, జిల్లా పరిషత్ ఛైర్మన్ అయి, 1991లో అమలాపురం నుంచి ఎంపీ అయ్యారు. 1996లో ఓడిపోయారు. అక్కడితో ఆగలేదు, ముమ్మిడివరం ఉపఎన్నికలో గెలిచి రాష్ట్ర మంత్రి అయ్యి, 1998లో మళ్లీ ఢిల్లీ వెళ్లారు. ఆ మార్చి 24న స్పీకరు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270తో, ఒక్క ఓటుతో పడిపోయినప్పుడు సభ నడిపింది ఆయనే. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఇంకా ఎంపీగా ఉండి ఓటు వేయవచ్చా అన్న గొడవ వస్తే, గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. అది సరైనదా కాదా అని ఇప్పటికీ వాదిస్తారు. నా మటుకు నాకు సరైనదే, ఎంపీగా రాజీనామా చేయని మనిషి ఓటును స్పీకరు ఆపితే రేపు ఎవరి ఓటైనా ఆపవచ్చు.

లోక్‌సభలో ఆయన ఉన్నది మొత్తం తొమ్మిదేళ్ల లోపే. యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద ఉన్న వంతెనకు ఆయన పేరే పెట్టారు. ఆయన పుట్టిన లంక నుంచి ఇప్పుడు పడవ కోసం ఎదురుచూడకుండా కాకినాడ వెళ్లిపోతున్నారు.

ప్రశ్న: రంగా గారి ప్రసంగాలు పిల్లలతో చదివించాలని ఉంది. ఎక్కడ దొరుకుతాయి? (రాజోలు నుంచి ఒక టీచరు)

పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో పాత చర్చలన్నీ ఉచితంగా ఉన్నాయి మేడమ్, రాజ్యాంగ సభ చర్చలతో సహా. ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి మీరు ముందు చదివి పిల్లలకు తెలుగులో చెప్పండి. 1946 డిసెంబరు ప్రసంగంతో మొదలుపెట్టండి, పైన పాలకొల్లు అన్నకు చెప్పిన నిచ్చెన మాట అందులోనే ఉంది.