ఆఫీసు నుంచి వచ్చాక ఆడుకోవడానికి

చిన్నా,

తుపాకులు లేని గేమ్ ఏదైనా చెప్పత్తా అన్నావు కదా. ఫోన్‌లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట వేసుకో. ఒక్కసారి డబ్బు కడితే చాలు, మధ్యలో యాడ్స్ రావు, అది కొను ఇది కొను అని ప్రాణం తియ్యదు. ఎరిక్ బరోన్ అనే అతను నాలుగేళ్లకు పైగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కథ అన్నీ ఒంటిచేత్తో చేసి 2016లో విడుదల చేశాడు.

చిన్నపిల్లల ఆట అంటారేమో నీ ఫ్రెండ్స్, అననీ. 2020 మార్చి 20న ముద్దుముద్దు జంతువుల యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్, రాక్షసుల్ని చీల్చి చెండాడే డూమ్ ఎటర్నల్ అనే రెండు గేములూ ఒకే రోజు వచ్చాయి. అభిమానులు ఆ రెండింటిలోని పాత్రలూ ప్రాణస్నేహితులైనట్టు బొమ్మలు గీసి సంబరపడ్డారు. షూటింగ్ గేములు చెడ్డవని నేననను, నేనూ ఇష్టంగా ఆడాను. కానీ వాటిలో క్షణం ఏమరితే పని అయిపోయినట్టే. రోజంతా టెన్షన్ పడి వచ్చినవాడికి రాత్రి కూడా అదెందుకు?

స్టార్‌డ్యూలో మొదటిరోజే ఊరి మేయర్ 15 పార్స్‌నిప్ విత్తనాలిస్తాడు. తెల్ల క్యారెట్‌లా ఉండే దుంప అది. నేల తవ్వి, విత్తి, నాలుగు రోజులు తడిపితే పంట చేతికొస్తుంది. దుంప పీకినప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడు వింటే వెంటనే ఇంకో మడి వేయాలనిపిస్తుంది. వాన పడిన రోజు నీళ్లు పోసే పని ఉండదు, ఊరు తిరుగు. కొండ పక్కన గుడారంలో ఒంటరిగా ఉండే లైనస్‌ని పలకరించు. మెల్లగా మనసు విప్పి మాట్లాడతాడు, నాకు ఆ ఊళ్లో అందరికంటే అతనే ఇష్టం.

ఏ పంటకి ఎంత లాభమో నెట్‌లో వెతక్కు. లెక్కలు మొదలయ్యాయంటే అదీ ఆఫీసే అవుతుంది. చేపలు పట్టడం మొదట్లో చిరాకు తెప్పిస్తుంది, కొన్నాళ్లు వదిలెయ్. గనుల్లోకి దిగితే మాత్రం కత్తి పట్టాలి, అక్కడ పురుగులూ పుట్రా ఉంటాయి. నీకు బుద్ధి పుట్టినప్పుడే వెళ్లు.

ఆటలో ఒక రోజంటే మనకి దాదాపు 14 నిమిషాలు. రాత్రికి రెండు రోజులు ఆడి పడుకో. "ఇంకొక్క రోజు" అనిపిస్తుంది, జాగ్రత్త.

ఆటలో వసంత ఋతువు 13వ రోజున గుడ్ల పండగ వస్తుంది. అక్కడ స్ట్రాబెర్రీ విత్తనాలు అమ్ముతారు, ముందునుంచే డబ్బు దాచుకో. అదేరోజు నాటి రోజూ నీళ్లు పోస్తే ఋతువు మారేలోగా రెండు కోతలు వస్తాయి.

మీ అత్త