సిమ్యులేటర్‌లో 5కు 2 వస్తే పైలట్‌గా పనికిరానట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ తరువాత ఫ్లయింగ్ స్కూల్లో చేరింది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనబడనప్పుడు పరికరాల ఆధారంగానే విమానం నడిపే అర్హత) కోసం సిమ్యులేటర్‌పై చేసిన రెండు సెషన్లలోనూ 5కు 2 మాత్రమే వచ్చింది. అప్పు చేసి చదివిస్తున్నాం. మాన్పించడం మేలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రెండు సెషన్లను చూసి మాన్పించవద్దు. 5కు 2 అంటే ఇంటర్ పరీక్షలో 40 శాతం లాంటిది కాదు. ఇటువంటి కొలమానాల్లో చాలా చోట్ల 1 ప్రమాణానికి తగ్గిన స్థాయి, 2 కనీస స్థాయి. స్కూలును బట్టి ఈ అర్థం మారవచ్చు కనుక, ఆ అంకెకు తమ శిక్షణ మాన్యువల్‌లో ఏమి రాసుకున్నారో ముందుగా అడిగి తెలుసుకోండి.

అంకె కన్నా దాని పక్కన ఇన్‌స్ట్రక్టర్ రాసిన వ్యాఖ్య ముఖ్యం. 3,000 అడుగుల ఎత్తులో ఎగురుతున్నప్పుడు సాధారణంగా 100 అడుగుల తేడా వరకే అనుమతిస్తారు. ఇద్దరు విద్యార్థులు 2,850కి దిగిపోయారనుకుందాం. ఒకరు అప్రోచ్ (రన్‌వే వైపు దిగే క్రమం) చార్టులో మునిగిపోయి నిమిషం పాటు ఎత్తు చూపే ఆల్టిమీటర్ వైపే చూడలేదు. మరొకరు వెంటనే గమనించి, 'కరెక్టింగ్' అని పైకి చెప్పి, విమానం ముక్కు కాస్త ఎత్తి, పవర్ సర్దుకుని తిరిగి 3,000కి చేరారు. ఎత్తును చూపే గ్రాఫ్‌లో ఇద్దరి గీతలూ ఒకే లోతుకు దిగుతాయి, కానీ మొదటివారి గుంట వెడల్పుగా, రెండోవారిది ఇరుకుగా ఉంటుంది. అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ కన్ను ఆ వెడల్పు మీదే ఉంటుంది.

'విమానం బాగానే నడుపుతుంది, సిమ్యులేటర్‌లోనే తడబడుతోంది' అని తల్లిదండ్రులు నాతో తరచుగా అంటారు. కదలని సిమ్యులేటర్‌లో శరీరానికి వేగం, వంపు తెలియవన్నది నిజమే. అయితే మబ్బుల్లో చెవి లోపలి సమతుల్య వ్యవస్థ పైలట్‌ను మోసగిస్తుంది కాబట్టి, శరీరం చెప్పేదాన్ని పక్కనపెట్టి పరికరాలనే నమ్మడం ఈ రేటింగ్‌కు ప్రాణం. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఇందుకు కావలసిన 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయంలో 20 గంటల వరకు సిమ్యులేటర్‌పై చేయనిచ్చేదీ అందుకే అని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ రెండు సెషన్ల మార్కుల షీట్లూ పక్కపక్కన పెట్టి చూడమని అమ్మాయికి చెప్పండి. వ్యాఖ్యలు వేరువేరుగా ఉంటే అది నేర్చుకునే దశలో సహజం. ఒకే మాట, ఉదాహరణకు 'స్కాన్ (పరికరాలన్నిటిపై చూపు తిప్పడం) నెమ్మదిగా ఉంది' అని, రెండుసార్లూ ఉంటే అదనపు గంటలకు వెంటనే డబ్బు కట్టకండి. కాక్‌పిట్ పోస్టరు (పైలట్ ముందుండే పరికరాల బొమ్మ) ముందు కుర్చీలో కూర్చుని, ప్రతి అడుగూ పైకి చెప్పుకుంటూ అప్రోచ్ మొత్తాన్ని రోజూ సాధన చేస్తే ఖర్చు లేకుండానే చాలా వరకు సర్దుకుంటుంది. రన్‌వే కనబడకపోయినా కనిష్ఠ ఎత్తు కంటే కిందికి దిగినట్టు వ్యాఖ్య ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు; ఆ రోజే ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని, ఎందుకు దిగిందో తేల్చుకోవాలి.

మరో నాలుగైదు సెషన్ల తరువాత కూడా అదే వ్యాఖ్య వస్తుంటే, వేరొక ఇన్‌స్ట్రక్టర్‌తో ఒకసారి మదింపు చేయించమని స్కూలును కోరండి. అంతవరకు ఫోన్ చేసినప్పుడల్లా 'ఎంత వచ్చింది?' అని అడగకుండా, 'తప్పును ఎంత త్వరగా గుర్తించావమ్మా?' అని అడగండి.