ఆ ఫొటో 1871 నాటిది కాదండి

ఎదురుగా ఒక ఫొటో, పక్కనుంచి ఒక ఫొటో, కింద ‘అనార్కిస్టు’ (ప్రభుత్వమే వద్దనేవాడు) అని ఉన్న కార్డు పారిస్ కమ్యూన్ (1871లో పారిస్‌లో కొద్ది వారాలు నడిచిన తిరుగుబాటు ప్రభుత్వం) ఖైదీదా అని అడిగారు కదా. కాదండి. 1871లో పారిస్ దగ్గరి వెర్సాయ్ జైళ్లలో ఆ ఖైదీలకి ఫొటోగ్రాఫర్ అపెర్ తీసిన ఫొటోలు మామూలు స్టూడియో పోర్ట్రెయిట్లలా ఉంటాయి. ఆయన వాటిని అమ్ముకున్నాడు కూడా!

మీ కార్డు పద్ధతి బెర్తియోన్‌ది, అంటే శరీర కొలతలు, ఇలాంటి జంట ఫొటోలతో నేరస్తుల్ని గుర్తుపట్టే విధానం తెచ్చినాయనది. ఆయన పారిస్ పోలీసు శాఖలో చేరిందే 1879లో. పక్క ఫొటోలో కుడి చెవి స్పష్టంగా కనబడుతోందా చూడండి. మనిషి గడ్డం పెంచినా చెవి ఆకారం మారదని ఆయన లెక్క. 1892లో బాంబులు పెట్టిన అనార్కిస్టు రావషోల్‌ని, అంతకుముందు పోలీసులు తీసుకున్న శరీర కొలతలతోనే పోల్చి గుర్తుపట్టారు. అప్పటినుంచి అనార్కిస్టుల కార్డులు బాగా పెరిగాయి.

ఇంకోటి, కార్డు మీద ‘అనార్కిస్టు’ అని ఉందని ఆ మనిషిని దోషి అనుకోకండి. కళావిమర్శకుడు ఫెనెయోన్‌కీ 1894లో ఇలాగే ఫొటో తీశారు. ఆ ఏడాది ఆగస్టులోనే కోర్టు ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది.