ఇచిరో సుజుకి సగటు .311 సరే, ఓపీఎస్ .757యే కదా, మరి అంత పొగడ్త ఎందుకు?

ప్రశ్నలో ఇచ్చిన రెండంకెలూ సరైనవే. 2001 నుంచి 2019 దాకా అమెరికా బేస్‌బాల్‌లోని మేజర్ లీగ్‌లో జపాన్ ఆటగాడు ఇచిరో 2,653 మ్యాచ్‌లు ఆడాడు. సగటు .311, ఓపీఎస్ .757. చిక్కల్లా ఆ రెండంకెల్నే చూసి తీర్పు చెప్పేయడంలో ఉంది.

ముందు క్రికెట్ అలవాటు కాస్త పక్కన పెట్టాలి. మనకు సగటంటే అవుటుకు ఎన్ని పరుగులన్న లెక్క. నాటౌట్‌గా మిగిలితే అది పెరుగుతుంది కూడా. బేస్‌బాల్ సగటుకు పరుగులతో పనే లేదు. హిట్లను (బంతిని కొట్టి, అవుటవకుండా కనీసం మొదటి బేస్ చేరినవి) ఎట్-బ్యాట్లతో (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలతో) భాగించడమే: 3,089 హిట్లు, 9,934 ఎట్-బ్యాట్లు. వెయ్యి ఎట్-బ్యాట్లకు 311 హిట్లన్న మాట. దాన్ని 31 పరుగుల సగటుతో పోల్చి పెదవి విరిచేవాళ్ళకు ఏం చెప్పినా దండగే.

తప్పులన్నీ జరిగేది ఎట్-బ్యాట్ అనే మాట దగ్గర. బ్యాట్ పట్టుకుని నిలబడిన ప్రతిసారీ ఎట్-బ్యాట్ కాదు, దాని పేరు ప్లేట్ అప్పియరెన్స్. అందులోంచి వాక్‌లు (పిచర్, అంటే బంతి విసిరేవాడు, నాలుగు చెడ్డ బంతులు వేస్తే ఊరికే దక్కే ఫస్ట్ బేస్), బంతి ఒంటికి తగిలి బేస్‌కు వెళ్ళినవి, శాక్రిఫైస్ బంట్‌లు (తాను అవుటైనా బేస్ మీదున్న సహచరుణ్ణి ముందుకు జరపడానికి మెల్లగా తాకినవి), శాక్రిఫైస్ ఫ్లైలు (క్యాచ్ అయినా సహచరుడు పరుగు చేసేలా గాల్లోకి కొట్టినవి) తీసేయాలి. 2004లో ఇచిరో లెక్క ఇలా వస్తుంది: 762లోంచి 49 వాక్‌లు, ఒంటికి తగిలినవి 4, బంట్‌లు 2, ఫ్లైలు 3 పోతే 704. హిట్లు 262. సగటు .372. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఫీల్డర్ పొరపాటు వల్ల బేస్ చేరితే హిట్ పడదు, ఎట్-బ్యాట్ మాత్రం పడుతుంది. అంటే బేస్ మీద దర్జాగా నిలబడ్డా సగటు దృష్టిలో అవుటైనట్టే. అది హిట్టా, ఎర్రరా అని తేల్చేది అధికారిక స్కోరర్. ఇచిరోలా వేగంగా పరుగెత్తేవాడి విషయంలో ఈ తేల్చడం మాటలు కాదు. అతను ఎడమచేతి బ్యాటర్, ఫస్ట్ బేస్‌కు ఒకటి రెండు అడుగులు దగ్గర. పైగా బంతిని తాకేసరికే ఒళ్ళు అటు కదిలిపోయి ఉంటుంది. మామూలు గ్రౌండర్‌ని (నేల మీద దొర్లే బంతిని) కూడా షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) హడావిడిగా విసరాల్సి వస్తుంది.

ఇక ఓపీఎస్. ఆన్-బేస్ శాతాన్నీ స్లగ్గింగ్ శాతాన్నీ కూడితే వచ్చేది. ఆన్-బేస్ కావాలంటే హిట్లు, వాక్‌లు, ఒంటికి తగిలినవి కూడి, ఎట్-బ్యాట్లు, వాక్‌లు, తగిలినవి, శాక్రిఫైస్ ఫ్లైల మొత్తంతో భాగించాలి. బంట్‌లు ఇందులోకి రావు, చాలామంది పొరబడేది ఇక్కడే. 2004కి 315ని 760తో భాగిస్తే .414. స్లగ్గింగ్‌కి హిట్‌తో చేరిన బేసుల్ని లెక్కేసి ఎట్-బ్యాట్లతో భాగించాలి: సింగిల్‌కు 1, డబుల్‌కు 2, ట్రిపుల్‌కు 3, హోమ్‌రన్‌కు 4. ఇచిరోవి 225 సింగిల్స్, 24 డబుల్స్, 5 ట్రిపుల్స్, 8 హోమ్‌రన్లు. మొత్తం 320, దాన్ని 704తో భాగిస్తే .455. రెండూ కలిపి .869. హారాలు వేరువేరైన రెండు భిన్నాలను అలాగే కూడేస్తే ఐదో తరగతి మాస్టారు చెవి మెలేసేవారు. బేస్‌బాల్‌లో దానికో పేరు పెట్టి టీవీ తెర మీద వేస్తున్నారు. ఆ కూడికలో ఆన్-బేస్‌కు దక్కాల్సిన బరువు దక్కదు, ఇచిరో దొంగిలించిన (ఎవరూ హిట్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరిన) 509 బేసులకు అసలు చోటే లేదు.

అయినా ఓపీఎస్ పనికిరాదని అనను. అదే 2004లో హోమ్‌రన్లకు పేరుపడ్డ బ్యారీ బాండ్స్ కొట్టినవి 135 హిట్లే, సగటు .362. ఇచిరో కంటే తక్కువ. కానీ బాండ్స్‌కు 232 వాక్‌లు ఇచ్చారు, అందులో 120 కావాలని ఇచ్చినవి. ఆన్-బేస్ .609! బేస్ చేరడమే కొలమానమైతే ఇద్దరికీ పోలికే లేదు. ఇచిరో అభిమానులు ఈ మాట వినబడనట్టు నటిస్తారు. ఇచిరోకు వాక్‌లు తక్కువ, 19 ఏళ్ళకు 647. కొట్టగలనన్న బంతిని వదిలే రకం కాదు మరి.

అసలు 262 ఎంత పెద్ద సంఖ్యో ఒక్క రోజు చెబుతుంది. 2004 అక్టోబర్ 1, సియాటిల్‌లో సేఫ్‌కో ఫీల్డ్. బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో ఉండే మనవాళ్ళకు ఇప్పుడు టి-మొబైల్ పార్క్‌గా తెలిసిన మైదానమే. టెక్సస్ రేంజర్స్‌తో మ్యాచ్, పిచర్ ర్యాన్ డ్రీస్. మొదటి ఇన్నింగ్స్‌లోనే థర్డ్ బేస్‌మన్ తల మీదుగా ఎగిరిన సింగిల్, 257. ఒక సీజన్‌లో అత్యధిక హిట్లకు జార్జ్ సిస్లర్ 1920లో నెలకొల్పిన రికార్డుతో సమం. మూడో ఇన్నింగ్స్‌లో పిచర్ పక్కగా మధ్యలోంచి దూసుకుపోయిన గ్రౌండర్, 258. 84 ఏళ్ళ రికార్డు బద్దలైంది. జట్టంతా ఫస్ట్ బేస్ దగ్గరికి పరుగెత్తింది, బాణసంచా కాల్చారు. ఇచిరో నేరుగా వెళ్ళి గ్యాలరీలో కూర్చున్న సిస్లర్ కూతురితో చేయి కలిపాడు. గమనించండి, రెండూ సింగిల్సే. స్లగ్గింగ్ లెక్కలో ఒక్క హోమ్‌రన్‌లో సగం విలువ.

సిస్లర్ కాలంలో సీజన్ 154 మ్యాచ్‌లు కదా అని పట్టుకునేవాళ్ళున్నారు. నిజమే, సిస్లర్‌కు 631 ఎట్-బ్యాట్లే, సగటు .407. సగటు ఆయనదే ఎక్కువ, సందేహం లేదు. కానీ రికార్డు హిట్ల సంఖ్యది. రెంటినీ కలగాపులగం చేయడం దేనికి? నాకు ఇంతకంటే పెద్దగా కనిపించే లోటు వేరే ఉంది: అన్ని హిట్లు కొట్టినా ఇచిరో చేసిన పరుగులు 101. వెనక కొట్టేవాళ్ళు లేరు. ఆ ఏడు అతని జట్టు సియాటిల్ మెరైనర్స్ 63 గెలిచి 99 ఓడింది.

ఇప్పుడు .757 దగ్గరికి వద్దాం. కెరీర్ మొత్తాన్ని ఒకే వరసలో చూస్తే ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక ఫొటో తీసినట్టుంటుంది. 2010 తర్వాత గీత గీయండి. 2001 నుంచి 2010 దాకా ప్రతి ఏడూ 200కు తక్కువ కాకుండా, మొత్తం 2,244 హిట్లు, 6,779 ఎట్-బ్యాట్లు, సగటు .331. ఆ గీతకు ఇవతల 845 హిట్లు, 3,155 ఎట్-బ్యాట్లు, .268. మొదటి మనిషి హాల్ ఆఫ్ ఫేమ్‌వాడు, అంటే బేస్‌బాల్ మహామహుల జాబితాకు తగినవాడు. రెండోవాడు ముప్పై ఏడు దాటి, పరుగు తగ్గి, కొన్నేళ్ళు బెంచి మీంచి దిగి ఆడినవాడు. ఈ రెండోవాడు లేకపోతే 2016 ఆగస్టు 7న కూర్స్ ఫీల్డ్‌లో ట్రిపుల్‌తో వచ్చిన మూడు వేలవ హిట్టూ ఉండదు. అందుకే ఏ బ్యాటర్‌దైనా ఏడాది వరసలే చదవాలి: మొదట మ్యాచ్‌లు, తర్వాత ఎట్-బ్యాట్లు, హిట్లు, వాక్‌లు. సగటు, ఓపీఎస్ చివర్న.

జపాన్‌లో కొట్టిన 1,278 కలిపి 4,367 అని, మేజర్ లీగ్ హిట్ల రికార్డున్న పీట్ రోజ్ 4,256ను దాటేశాడని పోస్టర్లు వేసేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. వేరే లీగు, వేరే పిచర్లు, 130, 135 మ్యాచ్‌ల సీజన్లు. ఇచిరోకు ఆ కూడిక అవసరం లేదు.

మీ ప్రశ్నకు సూటి జవాబు మేజర్ లీగ్‌లో ఆడిన మరో జపాన్ బ్యాటర్ హిదేకి మత్సుయి దగ్గరుంది. సగటు .282, 175 హోమ్‌రన్లు, ఓపీఎస్ .822. ఓపీఎస్ ప్రకారమైతే మత్సుయి ఇచిరోను దాటేశాడు. మత్సుయి తక్కువవాడేం కాదు, 2009 వరల్డ్ సిరీస్‌లో (మేజర్ లీగ్ ఫైనల్‌లో) 13 ఎట్-బ్యాట్లకు 8 హిట్లు కొట్టి ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు, అయ్యాడు. అయినా 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి 394 ఓట్లలో 393 పడింది ఇచిరోకు.