తంత్రం మీద రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెబుతుంటే

తంత్రం మీద మీ దగ్గర రెండు పుస్తకాలున్నాయనుకోండి. ఒకటి దాన్ని వేదాంతంగా, రెండోది శ్మశాన సాధనగా చూపించడానికి కారణం బహుశా ఒకటే: అవి రాసిన కాలాలు వేరు, ఆధారం చేసుకున్న గ్రంథాలూ వేరు.

1. పుస్తకం ఎప్పటిదో చూడండి. 19వ శతాబ్దంలో మిషనరీలు తంత్రాన్ని తిట్టిపోశారు. తర్వాత కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ ఉడ్రఫ్ అది గంభీరమైన తత్త్వమని వాదించారు.

2. చాలామంది వదిలేసేది ఇదే: రచయిత ఏ మూలం మీద నిలబడ్డాడు? 1913లో ఉడ్రఫ్ ఆర్థర్ అవలాన్ అనే మారుపేరుతో ఇంగ్లీషులో తెచ్చింది మహానిర్వాణ తంత్రం అనే గ్రంథం. అందులో పరబ్రహ్మ ఉపాసనతో పాటు పెళ్లి, వారసత్వ నియమాలూ ఉంటాయి. చాలామంది పండితులు దాన్ని 18వ శతాబ్దపు బెంగాల్ రచన అంటారు. సంస్కృత పండితుడు అలెక్సిస్ శాండర్సన్ తరం పరిశోధకులు మాత్రం పాత శైవ గ్రంథాల రాతప్రతులు పట్టుకున్నారు. వాటిలో ఒకటైన నిశ్వాసతత్త్వసంహితకు నేపాల్‌లో ఉన్న తాళపత్ర ప్రతే 9వ శతాబ్దం నాటిది. ఆధారాల మధ్య ఇన్ని శతాబ్దాల దూరం ఉంటే ఉడ్రఫ్, శాండర్సన్ ఒకే మాట ఎలా చెబుతారు?

3. మూలం పేరు పీఠికలోనో, చివరి ఆధార గ్రంథాల పట్టికలోనో దొరుకుతుంది. ఏ గ్రంథం, ఏ సంప్రదాయం అని చెప్పకుండా ‘తంత్రమంటే ఇదీ’ అని తేల్చేస్తే కాస్త అనుమానించండి, ఎంత పేరున్నవాళ్లు రాసినా సరే.